గీత కలవలేదట!

ఒరేయ్ అబ్బాయ్, మా రోజుల్లో ఇల్లు కట్టాలంటే ముగ్గుర్ని మెప్పిస్తే చాలు. సిద్ధాంతిగారు, మేస్త్రీ, ఇంటావిడ. మున్సిపాలిటీ నాలుగోది, దాని సంగతి తర్వాత చెబుతాను, ముందు నన్ను కాస్త నడుం ఆనించి కూర్చోనీ. ఇప్పుడు వీళ్లంతా సరేనన్నా సరిపోదట, కంప్యూటర్ సరేననాలట. మనం గీసిన ప్లాను దానికి అప్పజెబితే అటూ ఇటూ కొలిచి పేజీల కొద్దీ పట్టిక బయటికి తీస్తుంది. ఒక గడిలో రూలు ప్రకారం ఎంతుండాలో, పక్క గడిలో మనమెంత పెట్టామో, ఆ చివర పచ్చగా పాస్ అనో ఎర్రగా ఫెయిల్ అనో. మెట్రిక్ లెక్కల పరీక్ష తర్వాత నన్ను ఫెయిల్ అన్నవాడు లేడు. ఈ వయసులో, అదీ ఒక వంటగది విషయంలో, మళ్లీ ఆ మాట పడాల్సొచ్చింది.

నేనేమన్నా దారినపోయే దానయ్యనా? లైసెన్స్‌డ్ సర్వేయర్‌ని. మా ఊళ్లో గాంధీబొమ్మ సెంటరు నుంచి రైలుగేటు దాకా ఉన్న డాబాల్లో ఎన్నిటికి నా చేతి గీతలు పడ్డాయో లెక్కలేదు. ఊరి పేరు మాత్రం అడగొద్దు. అక్కడ నాకింకా చుట్టాలున్నారు, ఆ డాబాల్లో కొన్ని ఇంకా కురుస్తున్నాయి. పోయినేడు మా మేనల్లుడు ఇల్లు మొదలుపెడతానంటే ప్లాను నేనే గీసిస్తానన్నాను, కాగితం మీద గీసిచ్చాను కూడా. మా కూతురి కొడుకు సివిలింజనీరు, వాడు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఎక్కించి పరీక్షకి పెడితే ఏమైందనుకున్నావ్? పడగ్గది లేనేలేదంది. గది ఉంది మహాప్రభో, తలుపుంది, కిటికీలు రెండున్నాయి, మంచం ఎటు వేసుకోవాలో కూడా చుక్కల గీతతో చూపించాను. అయినా లేదంది. ఎందుకయ్యా అంటే గీత కలవలేదట.

ఎక్కడ కలవలేదో చూద్దామని తెరకి దగ్గరగా జరిగి భూతద్దం పెట్టాను. మనవడు కిసుక్కున నవ్వి, "తాతయ్యా, భూతద్దం కాదు, జూమ్ చెయ్యాలి" అన్నాడు. చేశాడు. ముందు ఇల్లు తెర దాటిపోయింది. తర్వాత గది దాటిపోయింది. ఇంకా చేస్తే గోడ మందమే తెరంతా అయింది, ఇంకా చేస్తే మూల ఒక్కటే మిగిలింది, ఇంకా, ఇంకా... అప్పుడు కనబడింది, నైరుతి మూల రెండు గీతల కొసల మధ్య వెంట్రుకవాసి సందు. నిజం ఇంట్లో అది ఎంతవుతుందిరా అంటే మిల్లీమీటరులో ఎన్నో వంతో చెప్పాడు. మా మేస్త్రీలు ప్లాస్టరింగులోనే అరంగుళం అటూ ఇటూ పోనిచ్చేవాళ్లు. ఈ యంత్రానికి గది అంటే చుట్టూ మూసుకున్న గీత, క్లోజ్డ్ పాలీలైన్ అంటారు. మూసుకోకపోతే దానికి వైశాల్యం అందదు, వైశాల్యం అందకపోతే గది లేదు. తలుపు, కిటికీ, మంచం, దాని మీద పడుకునే మనిషి, ఎవరి సాక్ష్యమూ చెల్లదు.

ఆ గీతలకి మళ్లీ లేయర్లట. స్థలం హద్దు ఒకదాంట్లో, రోడ్డు ఇంకోదాంట్లో, గదులు వేరు, తలుపులు వేరు, మెట్లు వేరు, ఇంకుడు గుంత వేరు. వాళ్లు చెప్పిన పేర్లే పెట్టాలి. రోడ్డు గీత గోడల లేయర్లో పడిందో, ఇంటికి రోడ్డే లేదంటుంది. రంగులు మాకూ ఉండేవి, కాదనను. కొత్తగా కట్టేది ఎర్రసిరాతో, పడగొట్టేది పసుపుతో, మురుగు గొట్టం ఎర్రచుక్కలతో, నీళ్ల గొట్టం నల్లచుక్కలతో. కానీ మా ప్లాన్లో ఎరుపు కాస్త పసుపు మీదికి పారితే చూసేవాడు "ఏవయ్యా, చెయ్యి వణుకుతోందా, షుగరు చూపించుకున్నావా" అనేవాడు. ఇల్లు ఎక్కడుందని అడిగేవాడు కాదు.

అసలు ప్లాను గీయడమంటే ఏవిటో చూశారా మీరెవరైనా? పొద్దున్నే బల్లకి టీ-స్క్వేరు ఆనించి, ట్రేసింగు పేపరుకి నాలుగు మూలలా టేపు అతికించి, మొహానికి రాసుకునే పౌడరు పల్చగా చల్లి గుడ్డతో తుడిచేవాళ్లం, సిరా పట్టాలని. మా ఆవిడ పౌడరు డబ్బా అంత తొందరగా ఎందుకు అయిపోతోందో చాలాకాలం ఆవిడకి అంతుపట్టలేదు. పట్టాక జరిగింది ఇక్కడ అప్రస్తుతం. అరచేతి కింద జేబురుమాలు ఉండాలి, ఎండాకాలం చెమట బొట్టు పడితే గీత పాకిపోతుంది. తప్పు గీత పడితే బ్లేడు సగానికి విరిచి, కొసతో మెల్లగా గీకి, గీకినచోట గోటితో రుద్ది నున్నగా చేసి, మళ్లీ గీయాలి. గట్టిగా గీకితే చిల్లు. చిల్లు పడితే పనంతా మొదటికి. అందుకని గీత గీసే ముందు ఆలోచించేవాళ్లం. పెన్ను ఎత్తి పట్టుకుని ఆలోచిస్తూ ఒక్కోసారి మధ్యాహ్నం అన్నం వేళ కూడా చేసేవాళ్లం. ఇప్పుడు కంట్రోల్ జెడ్ అని మీట నొక్కుతారు, తప్పు చేసిన ఆనవాలు కూడా మిగలదు. గీకిన మచ్చ ఒక్కటీ లేని ప్లాను చూస్తే నాకు నమ్మకం కుదరదు. చాదస్తం అంటావా, అనుకో.

ఇక ప్రింటు. నోటితో బ్లూప్రింటనే అనేవాళ్లం గానీ తెల్లకాగితం మీద ఊదారంగు గీతలు పడేవి, అది అమ్మోనియా ప్రింటు. ప్రింటు తీసే కుర్రాడు మందు పూసిన లేతపసుపు కాగితం మీద మన ట్రేసింగు పరిచి, పైన అద్దం బిగించి, ఎండలోకి తీసుకెళ్లేవాడు. గడియారం ఏమీ లేదు, పెదాలు కదుపుతూ అంకెలు లెక్కబెట్టేవాడు. మబ్బుగా ఉంటే ఎక్కువ లెక్క. మధ్యలో ఎవరన్నా పలకరిస్తే లెక్క తప్పి గీతలన్నీ వెలిసిపోయేవి, అందుకని అతను ఎండలో నిలబడితే చుట్టాలు కూడా పలకరించేవాళ్లు కాదు. తర్వాత కాగితాన్ని వదులుగా చుట్టి, పొడుగుపాటి పెట్టెలో నిలబెట్టి, అడుగున గిన్నెలో అమ్మోనియా పోసి మూతేస్తే గీతలు మెల్లమెల్లగా పైకి తేలేవి. మూత తీశాడంటే ఎదురుగా టీకొట్టు దాకా ముక్కులు మండేవి. జలుబు చేసినవాళ్లు పనిగట్టుకుని వచ్చి నిలబడేవాళ్లు. వానాకాలం ముసురు పట్టిందంటే ఊళ్లో ఎవరి ఇంటి ప్లానూ కదిలేది కాదు, ఎవరూ తొందరపడేవాళ్లూ కాదు. సూర్యుడు రాలేదంటే మున్సిపాలిటీ కూడా కాదనలేకపోయేది. ఇప్పుడు సర్వర్ డౌన్ అంటే చాలు మొహాలు మాడ్చుకుంటున్నారు, దాన్నీ ముసురనుకుని పకోడీలు వేయించుకోవచ్చుగా?

ప్రింట్లు నాలుగు సెట్లు చంకలో పెట్టుకుని వెళ్తే అక్కడుండేవాడు మా ఓవర్సీరు. ఏ ఆఫీసో అడక్కు. ప్లాను విప్పి, నాలుగు మూలలా సిరాబుడ్డీ, రూళ్లకర్ర, ఆఫీసు ముద్ర, టీగ్లాసు బరువు పెట్టి, కళ్లజోడు నుదుటి మీదికి తోసేవాడు. తోస్తేనే ఆయనకి దగ్గరివి కనబడేవి. చూస్తున్నంతసేపూ మాట్లాడేవాడు కాదు, అప్పుడప్పుడు ఊఁ అనేవాడు. మెట్ల దగ్గర ఊఁ అన్నాడంటే మెట్లకి మూడింది. మర్నాడో ఆ మర్నాడో చైన్‌మన్‌ని వెంటబెట్టుకుని సైకిలు మీద స్థలానికొచ్చేవాడు. టేపు ఒక కొస పట్టుకుని చైన్‌మన్ తుమ్మకంపలో నిలబడితే రెండో కొస నా చేతిలో. ఆయన మాత్రం టేపు కేసి చూసేవాడు కాదు, చుట్టూ చూసేవాడు. పక్కింటి గోడ మీద తడి ఎంత ఎత్తుకి ఎక్కిందో చూసేవాడు. ఎదురింటి ముసలమ్మని పిలిచి, "ఏం అవ్వా, గట్టి వానొస్తే ఇక్కడ నీళ్లెందాక వస్తయ్?" అని అడిగేవాడు. ఆవిడ మోకాలు చూపించేది. "పునాది ఇంకో అడుగున్నర లేపవయ్యా, ఇది పాత చెరువు శిఖం" అనేవాడు నాతో.

ఆ అడుగున్నర ఏ జీవోలో ఉంది? ఇప్పటి సాఫ్ట్‌వేర్‌కి ఎదురింటి ముసలమ్మ ఎక్కడ దొరుకుతుంది? నువ్వు గీసిందే దానికి లోకం. రోడ్డు ముప్పై అడుగులని గీస్తే ముప్పై అడుగులే, దాన్ని బట్టే ఎన్ని అంతస్తులో లెక్క తేలుస్తుంది. అక్కడికెళ్లి చూస్తే కిరాణాకొట్టు మెట్లూ, ట్రాన్స్‌ఫార్మరు దిమ్మా పోను ఆటో తిరగడమే గగనం.

ఇదంతా చెబుతుంటే మనవడు బుద్ధిగా విని ఒక మాటడిగాడు. "మరి తాతయ్యా, ఆ ఓవర్సీరుగారు అంత చూసి అనుమతిస్తే మీ వీధి అంత వంకరగా ఎందుకుంది?" పెద్దంతరం చిన్నంతరం లేని ప్రశ్నలు. ఆయన టేపు కేసి చూడకపోవడానికి ఇంకో కారణం కూడా ఉండేదిలే. కాఫీ ఖర్చులు అనేవాళ్లం. ఒక రేటంటూ ఉండేది, నోరు తెరిచి అడిగే అలవాటు లేదు, ఇంట్లో ఆడపిల్ల పెళ్లి పెట్టుకున్నామంటే తగ్గించేవాడు కూడా. ఫలానావాడి మేడ రెండడుగులు వీధిలోకి ఎందుకొచ్చిందో, దాని వెనక ఎన్ని కాఫీలున్నాయో నేను చెప్పగలను, చెప్పను. సాఫ్ట్‌వేర్ కాఫీ తాగదు. అందరూ దాన్నే గొప్పగా చెప్పుకుంటున్నారు. కాఫీ తాగనివాడితో మాట కలిపేదెలా? "మా అమ్మాయి కాన్పుకొస్తోందండీ, ఆ గది కాస్త చూడండి" అనడానికి లేదు. ఒక్క సెంటీమీటరు తగ్గితే ఎర్రగా ఫెయిలే, మంత్రిగారి బామ్మర్దికైనా మా మేనల్లుడికైనా. ఈ సమానత్వం కోసమే కదా స్వాతంత్ర్యం తెచ్చుకున్నది అంటాడు మనవడు. నేనప్పటికి పుట్టలేదు, నన్నెవరూ అడగలేదు.

సరే, గీత కలిపాం, పడగ్గది ప్రత్యక్షమైంది. అప్పుడు మొదలైంది అసలు పేచీ. నేషనల్ బిల్డింగ్ కోడ్ అని ఒకటుంది, 1970లో మొదట వేశారు, 2016లో మళ్లీ తిరగరాశారు, రెండు సంపుటాలు, ఒక్కోటి ఎత్తితే మణికట్టు పట్టేస్తుంది. మనిషి ఉండే గది ఇంటికి ఒక్కటే అయితే 9.5 చదరపు మీటర్లుండాలంటుంది, వెడల్పు 2.4 మీటర్లకి తగ్గకూడదు. గదులు రెండుంటే రెండోది 7.5 ఉన్నా ఊరుకుంటుంది. మేడ మీద అద్దెకిచ్చుకోవడానికి ఒంటి గదీ వంటగదీ పోర్షను ఒకటి వేశాను. గది ఎంత? పది బై పది. ఇంకెంత ఉంటుంది? తెలుగుదేశంలో గది అంటేనే పది బై పది. దాన్ని మీటర్లలోకి మారిస్తే 9.29. ఫెయిల్. ఆలోచించు, నేనూ మా ఆవిడా కాపురం పెట్టింది పది బై పది గదిలో. ఒక మూల ట్రంకు పెట్టెలు, ఒక మూల బియ్యం డబ్బా, పెద్దదాని ఉయ్యాల, ఊరినుంచొచ్చిన మా బాబాయి కూడా అందులోనే. నలుగురం పట్టాం. యంత్రానికి మాత్రం పట్టదట. బాబాయికి కాళ్లు చాపుకోవడానికి లేక రాత్రుళ్లు గుమ్మంలో పడుకునేవాడన్నది నిజమే, అది వేరే సంగతి.

వంటగదిది ఇంకా అన్యాయం. కోడ్ ప్రకారం 5 చదరపు మీటర్లు ఉండాలి, వెడల్పు 1.8 మీటర్లుండాలి. నేను ఆరడుగుల వెడల్పే గీశాను, అంటే 1.83, హాయిగా సరిపోయేది. సిద్ధాంతిగారు కూర్చుని ఆయం కట్టారు. ఆయం అంటే తెలుసా నీకు? గది పొడుగూ వెడల్పూ గుణించి, ఆయన లెక్కలేవో ఆయన వేసి, ఎనిమిదితో భాగిస్తే మిగిలిన శేషం. ఒకటి మిగిలితే ధ్వజాయం, మూడు సింహాయం, ఐదు వృషభాయం, ఏడు గజాయం, ఇవన్నీ శుభం. సరిసంఖ్య మిగిలిందో ధూమం, శ్వానం, ఖరం, కాకం, వాటిలో వండింది వంటబట్టదు. మా వంటగదికి ఖరం వచ్చింది. గాడిద ఆయంలో ఏం వండుకుంటారయ్యా అని మూడంగుళాలు తగ్గించమన్నారు. తగ్గించాను. ఐదడుగుల తొమ్మిదంగుళాలు, 1.75 మీటర్లు. సిద్ధాంతిగారి దగ్గర పాస్, కంప్యూటర్ దగ్గర ఫెయిల్.

మనవడు తల గోక్కుని, "తాతయ్యా, ఆయన చేసిందీ ఇది చేసిందీ ఒకటే కదా. కొలతలిచ్చారు, రూలు పెట్టి చూశారు, ఫెయిలన్నారు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఒకటెలా అవుతుందిరా? వెళ్లి సిద్ధాంతిగారికి గోడు చెప్పుకున్నాను. ఆయన మజ్జిగ తాగి, పంచాంగం తిప్పి, గోడ మందంలో సగమే లెక్కలోకి తీసుకోవాలని మా గురువుగారు చెప్పారని, ఐదడుగుల పదకొండంగుళాలకి వృషభాయం తెచ్చి పెట్టారు. 1.803 మీటర్లు. యంత్రమూ పచ్చగా అయింది. ఇద్దర్లో సర్దుకున్నది ఎవరు? శాస్త్రమా, సాఫ్ట్‌వేరా? పైగా గీత విడిపోయింది నైరుతి మూలనే అని తెలిసి, "చూశావా, నైరుతి తెరుచుకుంటే గది నిలవదని ముందే చెప్పలా" అని ఆ ఘనత కూడా ఆయనే తీసుకున్నారు.

సెట్‌బ్యాకులని ఒకటి. మా మేనల్లుడిది రెండొందల గజాలు, వీళ్ల లెక్కలో 167 చదరపు మీటర్లు. గజాన్ని పట్టుకుని మీటర్లలో చెబితే సగం స్థలం ఎవడో నొక్కేసినట్టు ఉంటుంది నాకు. 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం అంత స్థలానికి, చిన్న రోడ్డైతే, ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు మీటరు వదలాలి. వదిలిన ఆ మీటరు సందు ఎవరికి? ఇప్పటి ఏ ఇంటికైనా వెళ్లి తొంగిచూడు. ఏసీ డబ్బా, విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, దోమలు. మనిషి అడ్డంగా నడవాలి. మా పాత ఇళ్లకి ఈ సందులున్నాయా? పక్కింటికీ మనింటికీ ఒకటే ఉమ్మడి గోడ, దాంట్లో ఒక గూడు, ఆ గూట్లోంచి పెరుగు తోడు, అగ్గిపెట్టె, ఊళ్లో కబుర్లు అన్నీ అటూ ఇటూ నడిచేవి. ముందు వీధిని ఆనుకుని అరుగు. సాయంత్రమయ్యేసరికి ఊరు ఊరంతా అరుగుల మీదే ఉండేది. మా తాతల నాటి ఆ ఇంటిని గీసి ఈ యంత్రంలో వేసి చూడమన్నాను మనవణ్ణి. వేశాడు. పట్టికంతా ఎరుపే, సంక్రాంతి ముగ్గులో కూడా అంత ఎర్రరంగు వాడరు. అరుగు రోడ్డు ఆక్రమణ, ఉమ్మడి గోడ సెట్‌బ్యాకు లేదు, నడిమింటికి గాలీ వెలుతురూ లేవు.

నడిమింట్లో వెలుతురు లేదన్నమాట అబద్ధం కాదు. మిట్టమధ్యాహ్నం కూడా మా నాయనమ్మ దీపం పెట్టుకుని బియ్యం ఏరేది. ఒక వేసవిలో పక్కింటివాళ్ల తాటాకు పందిరి అంటుకుంటే, ఉమ్మడి గోడ కదా, వరసలో నాలుగిళ్లు బూడిదయ్యాయి. ఫైరింజను లోపలికి రావడానికి సందంటూ ఉంటేగా. ఇదంతా నేనెందుకు చెబుతున్నాను? అరుగు గురించి కదా మొదలుపెట్టాను. ఆ, అరుగు. అరుగు లేని ఇల్లు ఇల్లు కాదు.

మా కాలంలో జీవోలంటే ఇన్ని లేవనుకునేవు, ఉన్నాయి. హైదరాబాదుకి 1981 బైలాస్, ఆ తర్వాత 2006లో జీవో 86, తర్వాత ఈ 168. తేడా ఏవిటంటే మేం వాటిని బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లం, వీళ్లు తీసి కంప్యూటర్లో పెట్టారు. ఆటోడీసీఆర్ అని పుణెవాళ్ల సాఫ్ట్‌వేర్ దేశంలో ఎన్నో ఊళ్లకి పాకింది. తెలంగాణలో 2020లో టీఎస్-బీపాస్ చట్టం చేశారు. డెబ్బై ఐదు గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు దాటకుండా కట్టుకుంటే అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి పేరు నమోదు చేసుకో అన్నారు. ఒక్క రూపాయి! ఆ రోజుల్లో దరఖాస్తు ఫారం కొనడానికే అంతకంటే ఎక్కువయ్యేది. ఆరొందల గజాల దాకా, పది మీటర్ల ఎత్తు దాకా అయితే మనమే నిజం చెబుతున్నామని రాసిస్తే చాలు, అప్పటికప్పుడే అనుమతి. అంతకు మించితే 21 రోజులు. మనమే రాసివ్వడమంటే ఏవిటో ఆలోచించావా? మన జనం! అబద్ధం రాస్తే నోటీసు కూడా ఇవ్వకుండా కూలగొట్టొచ్చని అదే చట్టంలో రాసుకున్నారనుకో. 2025 వచ్చేసరికి అదీ పాతబడి బిల్డ్‌నౌ అని ఇంకోటి పెట్టారు. నాకు ఒకదాని పేరు నోరు తిరిగేలోపు రెండోది వస్తోంది.

నా దుగ్ధ అసలు ఇక్కడే. ప్లానుని పీకి పాకం పెడుతున్నారు, బాగానే ఉంది. ఇల్లు ఎవడు చూస్తున్నాడు? యంత్రం పచ్చగా పాస్ అన్న ప్లాను ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తారు, మేస్త్రీ అదే గోడని అడుగు బయటికి కడతాడు. మీటరు సందులోకి బాల్కనీ దిగుతుంది, బాల్కనీకి గ్రిల్లు వస్తుంది, గ్రిల్లుకి షీట్లు వస్తాయి, షీట్లకి గోడ వస్తుంది, తర్వాత అందులో వాషింగ్ మిషను. పైన పెంట్‌హౌస్. ఇలాంటివాటిని సక్రమం చేసుకోండి, డబ్బు కట్టండి అని 2007 చివర్లో బీపీఎస్ పెట్టారు, 2015లో తెలంగాణలో బీఆర్ఎస్ పెట్టారు, పార్టీ కాదు, బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీము. జనం బారులు తీరి దరఖాస్తులు పెట్టుకున్నారు. ఆ స్కీములు నమ్ముకుని కట్టినవాళ్లని నేనెరుగుదును. అందులో ఎక్కువమంది ప్లాన్లు సాఫ్ట్‌వేర్ రాకముందువే కదా, మీ ఓవర్సీరు చూసినవే కదా అని నువ్వంటావు. మనవడూ అన్నాడు. వాడు నీకు ముందే చెప్పి పంపాడేమిటి?

సింగపూర్‌లో 1995లోనే కోర్‌నెట్ అని ఇలాంటి పని మొదలుపెట్టారట. అమెరికాలో ఫెన్వెస్ అనే ఆయన 1966లోనే ఉక్కు కట్టడాల రూల్సుని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా పట్టికలుగా రాశాడట. నేను తుప్పు పట్టిన పెన్ను నిబ్బు నీళ్లలో నానబెట్టుకుంటున్న రోజులవి. ఇక ముందు గీతలు కూడా ఉండవంటున్నాడు మనవడు. ఇంటిని నిలువుగా బొమ్మ కట్టి ఇచ్చేస్తే, తలుపు తలుపని, మెట్టు మెట్టని యంత్రమే గుర్తుపడుతుందట, మెట్టు 19 సెంటీమీటర్లు దాటి ఎత్తుంటే అక్కడికక్కడే అరుస్తుందట. మా ఇంటి మెట్లు పది అంగుళాలు. యాభై ఏళ్లుగా ఎక్కుతున్నాం. మోకాళ్లు ఎందుకు పోయాయో డాక్టరు చెప్పలేకపోయాడు.

మా మేనల్లుడి ప్లానుకి అనుమతి వచ్చింది, చెప్పలేదు కదూ. రాత్రి పన్నెండు కావస్తుంటే, ఫోన్లో టింగుమని. ఆ వేళప్పుడు గవర్నమెంటులో మెలకువగా ఎవరున్నారయ్యా అంటే ఎవరూ ఉండక్కర్లేదట. మా రోజుల్లో అనుమతి వచ్చిందంటే అదొక రోజు. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, మిఠాయి డబ్బా పట్టుకుని ఆఫీసుకెళ్తే ఓవర్సీరు, గుమస్తా, ప్యూను, చైన్‌మన్, వరసగా అందరూ. చైన్‌మన్ రెండు తీసుకునేవాడు, ఒకటి ఇంట్లో పిల్లకి. ఇప్పుడు ఎవరికి పెట్టను? అలవాటు కొద్దీ పొద్దున్నే అరకిలో పూతరేకులు తెప్పించేశాను. కంప్యూటర్‌కి పెట్టు తాతయ్యా అని మనవడే వేళాకోళమాడాడు, తీరా ఒకటి దాని ముందు పెడితే కీబోర్డులో బెల్లప్పొడి రాలుతుందని మళ్లీ వాడే కేకలేశాడు. డబ్బా నా దగ్గరే ఉంది. నాకా షుగరు, ఇంట్లో చూస్తే ఊరుకోరు. సాయంత్రం వచ్చి ఓ నాలుగు తినిపో. వచ్చేటప్పుడు నీ ఇంటి ప్లాను పట్టుకురా. ప్రింటు తీయించి తీసుకురా, ఫోన్లో చూపిస్తే చూడను.